ప్రళయకావేరి (పులికాట్) సరస్సులో రాజహంసలు (ఫ్లెమింగోలు) గులాబీ గీతలా మాత్రమే కనిపించాయి. మళ్లీ ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలి?

కావలి_సైకిల్
పోయిన ఆదివారం మా అమ్మను, ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకొని కావలి నుంచి బయలుదేరాను. సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డు మీద సరస్సు మధ్యకు చేరేసరికి పదిన్నర అయింది. దారి పొడవునా పిల్లలకు రాజహంసల కబుర్లే చెప్పాను. తీరా చూస్తే నీళ్లకు అవతల ఎక్కడో సన్నటి లేత గులాబీ గీత ఒకటి కనిపించింది, అది కూడా ఎండ సెగకు వణుకుతూ ఉంది. నా దగ్గరున్న 8×40 బైనాక్యులర్‌తో చూసినా కాళ్లేవో మెడలేవో తెలియలేదు. మా చిన్నది “నాన్నా, అది పక్షా, ఇసుకా?” అని అడిగింది.

అంతలో పక్కన కారు ఆపిన కుర్రవాళ్లు డ్రోన్ ఎగరేశారు. ఆ గీత మొత్తం ఒక్కసారిగా పైకి లేచింది. రెక్కల కింది ఎరుపూ నలుపూ ఒక్క క్షణం కనిపించాయి, ఆ తర్వాత మంద అంతా తడ వైపు వెళ్లిపోయింది. పిల్లలు చప్పట్లు కొట్టారు గానీ నాకు మనసు చివుక్కుమంది. జనవరిలో పక్షుల పండుగప్పుడు రావాల్సింది, ఇప్పుడు కాలం దాటిపోయిందని అక్కడ టీ అమ్మే ఆయన అన్నాడు. నిజంగా దాటిపోయిందా? మార్చి మొదటి వారం లోపల ఇంకొక్కసారి పిల్లలను తీసుకువెళ్లాలని ఉంది. కావలికి దగ్గరలో చూడదగ్గ చోటు ఉన్నా చెప్పండి.

నీటికాకి
కాలం దాటలేదు, మీకు పొద్దు దాటిపోయింది. ఫిబ్రవరి ఆఖరులో తొమ్మిది కొట్టాక నీటి మీదా బురద మీదా సెగ లేస్తుంది, ఇక ఎంత ఖరీదైన అద్దాలు పెట్టుకున్నా పక్షి నీడలాగే కనిపిస్తుంది. తెల్లవారుజామునే రోడ్డు మీద ఉండాలి, వీలు కాకపోతే సాయంత్రం నాలుగున్నర తర్వాత వెళ్లాలి. ఇంకొక సంగతి ఉంది. ఆ రోడ్డు పడమటి నుంచి తూర్పుకు పోతుంది, ఈ రోజుల్లో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక రోడ్డుకు ఉత్తరాన ఉన్న పక్షుల ముఖాన వెలుగు పడుతుంది. దక్షిణం వైపు చూస్తే అన్నీ నల్లగానే ఉంటాయి.

ప్రళయకావేరి_పిల్ల
నీటికాకి గారు పొద్దు గురించి చెప్పినది నిజమే, కానీ అది సగమే. మాది సరస్సు ఒడ్డు పల్లె, మా నాన్న వల మీద ఇల్లు నడిపిన మనిషి. రాజహంసలు ఎక్కడ ఉంటాయని ఆయన్ను అడిగితే ఎప్పుడూ పక్షుల గురించి చెప్పడు, నీళ్ల గురించే చెబుతాడు.

మన సరస్సుకు నీళ్లు రెండు వైపుల నుంచి వస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి, స్వర్ణముఖి, ఆరణి మంచినీళ్లు తెస్తే, మొగల (సరస్సు సముద్రంలో కలిసే చోట్ల) గుండా సముద్రం ఉప్పునీళ్లను పంపుతుంది. కార్తీక మార్గశిరాల్లో నిండుగా ఉన్న సరస్సు సంక్రాంతి దాటిన దగ్గర నుంచి రోజురోజుకూ అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటుంది. రాజహంస నిలబడి మేసే పక్షి. దాని కాళ్లకు తగిన లోతు ఉండాలి, కింద మెత్తటి బురద ఉండాలి. అందుకే నీళ్లు వెనక్కి జరిగిన కొద్దీ మంద కూడా ఆ అంచును పట్టుకొని జరుగుతుంది. వానలు ఎక్కువ కురిసిన ఏడాది రోడ్డు పక్కన లోతుగా ఉండి సంక్రాంతికి ఒక్కటీ దగ్గరకు రాదు, మాఘం చివరికి వస్తాయి. వానలు తక్కువైన ఏడాది పుష్యంలోనే రోడ్డు పక్కన మేసి, మాఘానికి లోపలికి వెళ్లిపోతాయి. రోడ్డుకు ఉత్తరాన ఉన్న భాగం ముందుగా ఎండుతుంది, వేసవిలో అక్కడ నేల నెర్రెలిచ్చి ఉప్పు తేలుతుంది. కనుక ఈ నెలలో ఉత్తరం వైపు నీళ్లు ఇంకా ఉన్నాయా లేదా అన్నదే మీరు తెలుసుకోవాల్సింది. వెళ్లేముందు ఒడ్డున వల ఆరబెట్టుకునే వాళ్లను ఎవరినైనా అడగండి, నీళ్లు ఎక్కడిదాకా ఉన్నాయో చెబుతారు. పక్షులు ఎక్కడున్నాయని వేరే అడగనక్కరలేదు.

మీ చిన్నమ్మాయి కోసం ఒకటి చెబుతాను. నీళ్లు తగ్గిన చోట బురదలో బండి చక్రమంత గుండ్రటి గుంతలు కనిపిస్తే చూపించండి. రాజహంస తల తలకిందులుగా నీళ్లలో పెట్టి, ఒకేచోట కాళ్లతో తొక్కుతూ చుట్టూ తిరుగుతుంది. కదిలిన బురద నీళ్లను నాలుకతో పంపులా లాగి, ముక్కు అంచున ఉన్న జల్లెడ గుండా వదిలేసి, లోపల చిక్కిన చిన్న చిన్న పురుగులనూ రొయ్యపిల్లలనూ నాచునూ మింగుతుంది. ఆ గుంతలు అది తొక్కిన గుర్తులే. ఆ తిండిలోని రంగే దాని ఈకలకు ఎక్కుతుంది. మందలో బూడిద రంగు పక్షులు కనిపిస్తే వేరే జాతి అనుకోకండి, అవి ఇంకా రంగు రాని పిల్లలు.

ఒంగోలు_మాస్టారు
పక్షుల పండుగను అందరూ తేలిగ్గా తీసిపారేయడం నాకు నచ్చదు. 2001 నుంచి జరుగుతున్న ఆ పండుగ వల్లనే మా బడి పిల్లలు మొదటిసారి టెలిస్కోపులో రాజహంస కన్ను చూశారు. పసుపు రంగు కన్ను అది. ఆ రోజు చూసిన వారిలో ఒక అమ్మాయి ఇప్పుడు జంతుశాస్త్రం చదువుతోంది. జనం, మైకులు ఉంటాయని నాకూ తెలుసు, అయినా సొంత బైనాక్యులర్ కొనలేని ఇంటి పిల్లలకు అంతకంటే దారి ఏముంది?

ప్రళయకావేరి_పిల్ల
మాస్టారూ, పండుగ వద్దని నేను అనలేదు. మా ఊరి ఆడవాళ్లకు ఆ మూడు రోజులూ నాలుగు డబ్బులు వస్తాయి. తేదీని ముందే వేస్తారు, నీళ్లు ఆ తేదీని చూసుకొని తగ్గవు. నేను చెప్పింది అంతవరకే.

ఒంగోలు_మాస్టారు
ఒప్పుకుంటున్నాను.

నేలపట్టు_టీచర్
కావలి_సైకిల్ గారూ, చిన్నపిల్లలతో వచ్చేవారు సరస్సుతో మొదలుపెట్టకూడదు, సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు పక్షుల చెరువుతో మొదలుపెట్టాలి. అక్కడ పక్షి మీకు దూరంగా ఉండదు, కట్ట మీద నిలబడితే ఎదురుగా చెట్టు మీదే ఉంటుంది. చెరువులో నీళ్లలో మొలిచిన కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కడతాయి. అక్టోబరు నుంచి వచ్చి చేరతాయి కనుక ఫిబ్రవరి చివరకు, మార్చి మొదటికి పిల్లలు తల్లి అంత పెద్దవిగా, ముతక ఉన్ని కప్పుకున్నట్టు ఉంటాయి. చూడటానికి అంతకంటే మంచి రోజులు లేవు.

పోయిన శనివారం ఆరో తరగతి పిల్లలను తీసుకువెళ్లాను. కాపలా మెట్ల మీద నుంచి ఒకే గూటిని ముప్పావు గంట చూశాము. తల్లి వచ్చి వాలగానే పిల్ల మెడ చాచి, రెక్కలు కొట్టుకుంటూ, తనను తానే కొరుక్కుంటూ మూర్ఛ వచ్చినట్టు పడిపోయింది. మా పిల్లలు భయపడ్డారు. అది ఆకలికి చేసే మారాం అని చెప్పేలోపలే తల్లి నోరు తెరిచింది, పిల్ల తల మాత్రమే కాదు, మెడ సగందాకా ఆ సంచిలోకి వెళ్లిపోయింది. బయటకు తీసినప్పుడు ముక్కు కొస నుంచి చేప తోక ఒకటి వేలాడుతూ ఉంది. తల్లి పైముక్కు అంచున వరుసగా ఉన్న నల్లని చుక్కలను కూడా లెక్కపెట్టగలిగాము.

ఇంకొక మాట. నీటికాకి గారు చెప్పిన ఎండ సెగ సరస్సు మీద శత్రువే గానీ, ఇక్కడ అదే మేలు చేస్తుంది. పొద్దెక్కి గాలి వేడెక్కాక గూడబాతులు రెక్కలు ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి లేచి, వరుస కట్టి ప్రళయకావేరి వైపు మేతకు వెళ్తాయి. అందుకని తెల్లవారి సరస్సు, పది గంటలకు నేలపట్టు పెట్టుకుంటే రెండూ దక్కుతాయి.

చెరువు కింద కయ్యలున్న రైతులు ఆ పక్షులను ఏమీ అనరు. రెట్ట కలిసిన నీళ్లు పారితే ఎరువు ఖర్చు తగ్గుతుందని వాళ్ల తాతల నాటి నుంచి తెలుసు.

నత్తగుల్ల_93
నేలపట్టు, సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాయి, ఈ చర్చ నెల్లూరు, ప్రకాశం విభాగంలో నడుస్తోంది. అనుమతుల కోసం ఎవరిని అడగాలో కొత్తవారికి తికమక రాకూడదని చెబుతున్నాను.

నీటికాకి
జిల్లా మారినా వన్యప్రాణి విభాగం కార్యాలయం సూళ్లూరుపేటలోనే ఉంది. డ్రోన్ విషయం కూడా అక్కడే చెప్పాలి. సరస్సు అభయారణ్యం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. పక్కనే అంతరిక్ష కేంద్రం ఉన్న చోట డ్రోన్ ఎగరేయడం ఎంత తప్పో వేరే చెప్పనక్కరలేదు. మంద లేచినప్పుడు అందంగా ఉంటుందని అందరూ ఫోటోలు తీస్తారు. కానీ ఈ నెలల్లో అవి తినే ప్రతి ముద్దా దూర ప్రయాణానికి దాచుకునే కొవ్వు. ఊరికే లేపితే ఆ కొవ్వు కరిగిపోతుంది.

అల్లూరు_గుంటలు
కావలి వారికి అంత దూరం ఎందుకు? ఇసకపల్లి వైపు రండి, మీకు గంట ప్రయాణం కూడా ఉండదు. అభయారణ్యమూ కాదు, బోర్డులూ ఉండవు. ఒకవైపు సముద్రం, మధ్యలో ఇసుక దిబ్బ, ఇవతల ఉప్పుటేరు, బకింగ్‌హామ్ కాలువ, ఉప్పు మళ్లు, ఆ వెనుక మా రొయ్యల గుంటలు. రాజహంసల మందలు ఉంటాయని మాట ఇవ్వను. కానీ ఉల్లంకి జాతులు (బురద అంచున మేసే సన్నకాళ్ల పక్షులు) చూడాలంటే ఈ మూడు వారాలే అసలు సమయం.

ఎందుకో చెబుతాను. రొయ్యలు పట్టాక గుంటలో నీళ్లు వదిలేస్తాము. నీళ్లు పోయిన మొదటి రోజు మోకాలి లోతు బురద, రెండో రోజు మడమ లోతు, మూడో రోజుకు పైన పెచ్చు కడుతుంది. మొదటి రోజు పెద్ద కొంగలు, నారాయణ పక్షులు వచ్చి మిగిలిన చేపలనూ రొయ్యలనూ ఏరుకుంటాయి. రెండో రోజు పొడుగు కాళ్ల ఉల్లంకులు, తోక ఆడించే చిన్న ఉల్లంకులు దిగుతాయి. మూడో రోజు ప్లోవర్లు వస్తాయి. అవి బురదను పొడవవు, నాలుగు అడుగులు పరుగెత్తి, ఆగి, తల వంచి ఒక్క పురుగును పట్టి, మళ్లీ పరుగెత్తుతాయి. నాలుగో రోజు ఎవరూ ఉండరు. కనుక ఏ గుంట ఏ రోజు వదిలారో తెలిస్తే ఏ పక్షి వస్తుందో ముందే చెప్పవచ్చు. ప్రళయకావేరి_పిల్ల నాన్నగారు చెప్పిన మాటే ఇదీ, కాకపోతే మా దగ్గర నీళ్లు తగ్గేది తూము తీసినప్పుడు.

నిన్న మా మూడో గుంట గట్టు మీద కూర్చొని గోల్డెన్ ప్లోవర్‌ను దాదాపు ఇరవై అడుగుల దగ్గర నుంచి చూశాను. డిసెంబరులో వచ్చినప్పుడు అది ఎండు గడ్డి రంగులో ఉండి గట్టులో కలిసిపోయేది. ఇప్పుడు దాని రొమ్ము మీద సిరా చల్లినట్టు నల్లటి మచ్చలు మొదలయ్యాయి, వీపు మీద ఒక్కొక్క ఈక అంచున బంగారు చుక్క పడింది. ఇంకొన్ని వారాలు ఉంటే కడుపు మొత్తం నల్లబడుతుంది. ఆ రంగు సైబీరియాలో జత కట్టడానికి వేసుకునే పెళ్లి బట్ట. అది పూర్తయ్యేసరికి ఇక్కడ ఉండదు. మనకు ఆ రంగు మొదలవుతుండగా చూసే భాగ్యం మాఘ ఫాల్గుణాల్లోనే దొరుకుతుంది.

గుంట_యజమాని
అల్లూరు అన్నా, మీరు గట్టు మీద కూర్చొని మురిసిపోవచ్చు గానీ నీళ్లున్న గుంట మీద నీటికాకుల గుంపు వాలితే నష్టం ఎవరిది? ఒక మంద ఒక పూటలో చేసే నష్టం నాకు తెలుసు. రొయ్యను తినడం ఒక్కటే కాదు, ఒక గుంటలో రోగం పట్టిన రొయ్యను తీసుకుపోయి ఇంకో గుంటలో పడేస్తాయి. మేము వలలు కట్టినా, టపాకాయలు కాల్చినా పక్షి ప్రేమికులు మమ్మల్ని తిడతారు.

అల్లూరు_గుంటలు
తమ్ముడూ, నేనూ కట్టాను. నాలుగేళ్ల కిందట గుంట మీద సన్నటి నైలాన్ దారాలు అడుగుకొకటి లాగాను. ఒక పొద్దున వెళ్లి చూస్తే నారాయణ పక్షి ఒకటి రెక్క మెలిపడి తలకిందులుగా వేలాడుతోంది. దారం ఎముక దాకా కోసేసింది. కొడవలితో దారం తెంచి, కండువాలో చుట్టి గట్టు మీద పెట్టాను. అరగంట నా వైపే చూస్తూ ఉండి చనిపోయింది. నా గుంట, నా దారం, తప్పు నాదే. ఆ రోజే దారాలన్నీ పీకేశాను. ఇప్పుడు పక్షి కంటికి దూరం నుంచే కనిపించే వెడల్పాటి రంగు రిబ్బన్లు కట్టాను, పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మనిషిని పెట్టి డబ్బా కొట్టిస్తున్నాను. ఖర్చు ఉంది, కాదనను. నష్టం పూర్తిగా ఆగలేదు, అదీ కాదనను. కానీ నీళ్లు తీసిన గుంటలో వాలేవి నీ రొయ్య జోలికి రావు. వాటి మీద టపాకాయ కాల్చడంలో లాభం ఏమిటి?

గుంట_యజమాని
ఎండిన గుంట మీద కాల్చకూడదన్న మాట ఒప్పుకుంటాను. రిబ్బన్ ఏ వెడల్పు, ఎంత ఎడం కట్టారో విడిగా చెప్పండి అన్నా.

మైపాడు_అల
ఎవరూ సముద్రపు కాకుల (గల్ పక్షుల) గురించి మాట్లాడలేదు. మైపాడు తీరాన వల లాగే చోట ఇప్పుడు నిలబడితే రంగు మారడం వాటిలోనూ కనిపిస్తుంది. చలికాలమంతా తల తెల్లగా, కన్ను వెనుక ఒక మసి చుక్కతో ఉండే పక్షికి ఈ నెలలో తల మీద కాఫీ పొడి రంగు టోపీ పెరుగుతోంది. ఒక్కొక్క దానికి ఒక్కొక్క పాలు. నిన్న పద్దెనిమిదిటిని లెక్కపెట్టాను. నాలుగింటికి టోపీ పూర్తయింది, ఆరింటికి సగం వచ్చింది, మిగతావి ఇంకా చుక్కల దగ్గరే ఉన్నాయి. టిబెట్, లద్దాఖ్ సరస్సుల దగ్గర గూడు కట్టే పక్షి ఇది. మా కాలేజీ స్నేహితులకు చూపిస్తే ఇన్నేళ్లూ అవి రెండు రకాల పక్షులు అనుకున్నామని చెప్పారు. మాఘ పౌర్ణమి స్నానాల జనం తగ్గారు కనుక ఇప్పుడు తీరం ప్రశాంతంగా ఉంది.

పెన్నమొగ
తీరం ప్రశాంతంగా ఉందన్న మాట చదివి ఇది రాయక తప్పడం లేదు. పెన్న సముద్రంలో కలిసే చోట ఇసుక మేట సన్నగా నాలుకలా సాగి ఉంటుంది, ఒక పక్క అలలు, ఇంకో పక్క మొగ నీళ్లు. ఖాళీ ఇసుక కదా అని ఆదివారాల్లో మోటారు సైకిళ్లు, జీపులు దాని మీద చివరిదాకా నడుపుతున్నారు. అది ఖాళీ ఇసుక కాదు. వలస పక్షులు వెళ్లిపోయే ఈ రోజుల్లోనే ఇక్కడే ఉండే పక్షులు గుడ్లు పెట్టడం మొదలుపెడతాయి. చిన్న ప్లోవర్లు, తీతువులు గూడు కట్టవు. ఇసుకలో అరచేతి లోతు పల్లం చేసి, నాలుగు గవ్వ ముక్కలు చుట్టూ పేర్చి, ఇసుక రంగు గుడ్లు మూడో నాలుగో పెడతాయి. అడుగు దూరంలో ఉన్నా కనిపించవు.

రెండేళ్ల కిందట మార్చిలో ఒక చిన్న ప్లోవర్ నా ముందు ఒక రెక్క ఈడ్చుకుంటూ విరిగినట్టు నటించింది. గుడ్లు దగ్గరలో ఉన్నాయని అర్థమై, వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడిచి, దూరంగా దిబ్బ చాటున పడుకొని చూశాను. అది నీళ్ల అంచుకు పరుగెత్తి, కడుపు ఈకలు తడుపుకొని, వచ్చి గుడ్ల మీద కూర్చుంది. ఎండకు గుడ్లు ఉడికిపోకుండా అలా చల్లబరుస్తుంది. గంటలో ఎన్నిసార్లు అలా వెళ్లి వచ్చిందో. మనం దగ్గర నిలబడితే అది తిరిగి రాదు, ఆ ఎండలో పిల్ల గుడ్డులోనే చనిపోతుంది. మరుసటి ఆదివారం వెళ్తే ఆ పల్లం మీదుగా టైరు గుర్తు ఉంది.

కొత్త_కెమెరా
చాలా మంచి సంగతి చెప్పారు. ఆ గూళ్లు ఉండే చోటు మ్యాప్‌లో గుర్తుపెట్టి ఇక్కడ పెట్టగలరా? రెక్క ఈడ్చే ఫోటో నాకు ఎప్పటి నుంచో కావాలి.

పెన్నమొగ
పెట్టలేను. పైన రాసింది మరొక్కసారి చదవండి. రెక్క ఈడుస్తున్నదంటే అది భయపడుతున్నదని అర్థం, ఆ ఫోటో కోసం నిలబడినంతసేపూ గుడ్లు ఎండలో ఉంటాయి.

కొత్త_కెమెరా
దాచిపెడితే జనానికి తెలిసేదెలా? తెలియనివారే జీపు నడుపుతారు. నలుగురికీ తెలిస్తే నలుగురూ కాపాడతారు కదా.

నేలపట్టు_టీచర్
ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది గానీ, చెట్టు మీది గూడూ ఇసుకలో గుడ్డూ ఒకటి కావు. నేలపట్టు గూళ్ల చోటు లోకానికంతటికీ తెలుసు, అయినా చుట్టూ నీళ్లు, కట్ట, కాపలా ఉన్నాయి. ఇసుకలోని గుడ్డుకు కనపడకపోవడమే కాపలా. జాగ్రత్త అందరికీ చెప్పండి, చోటు మాత్రం చెప్పకండి. మార్చి నుంచి మేట మీదికి బండి వద్దని ఆ పాళెం పెద్దలతో ఒక మాట చెప్పిస్తే మన పోస్టుల కంటే అదే ఎక్కువ పని చేస్తుంది.

కొత్త_కెమెరా
టీచరు గారి మాట సరైనదే. చోటు అడగడం మానుకుంటున్నాను. అల్లూరు గారి ఎండిన గుంటల దగ్గర ఫోటోలు తీసుకోవచ్చా?

అల్లూరు_గుంటలు
గట్టు దిగకుండా ఉంటే తీసుకోవచ్చు.

తిక్కన_ఊరివాడు
పేరు గురించి ఒక సందేహం చాలాకాలంగా ఉంది. ఫ్లెమింగోను మనం రాజహంస అంటున్నాము. కానీ మన కావ్యాల హంస మానస సరోవరానికి వెళ్లే పక్షి, నలుడి రాయబారం నడిపిన పక్షి. ఫ్లెమింగోలు మన దేశంలో గుంపులుగా గూళ్లు కట్టేది కచ్ రణ్ ఉప్పు నేలల్లో, హిమాలయాల అవతల కాదు. తల వెనుక రెండు నల్ల పట్టెలుండే పెద్ద బాతు, బార్ హెడెడ్ గూస్ అనేది, చలికాలం ఇక్కడి చెరువుల్లో గడిపి, వేసవి వచ్చేసరికి హిమాలయాలు దాటి టిబెట్ సరస్సులకు వెళ్తుంది. హంస అంటే అదేనని చాలామంది పండితులు అంటారు. ఒక శీతాకాలం నేలపట్టు దగ్గరి చెరువులో పదకొండింటిని లెక్కపెట్టాను, మార్చి రెండో వారానికి ఒక్కటీ లేదు.

ఒంగోలు_మాస్టారు
పాలనూ నీళ్లనూ వేరు చేసే గుణం హంసదని చెప్పుకుంటాము. బురద నీళ్లలో నుంచి తిండిని మాత్రమే జల్లెడ పట్టే పక్షికి ఆ పేరు పెట్టడం నాకు తప్పుగా తోచదు. అయినా మీరు చెప్పిన బాతుకు మానస సరోవరం దారి సరిగ్గా కుదిరింది, దాన్ని కాదనలేను.

కలివికోడి
పేర్ల మాట వచ్చింది కనుక ఇది చెప్పాలి. 1840ల్లో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి. సి. జెర్డాన్ అనే వైద్యుడు మన పక్షుల మీద పెద్ద పరిశోధన చేశాడు. ఇక్కడివారి నోటి నుంచి విన్న తెలుగు పేర్లు ఆయన తన పుస్తకాల్లో రాసిపెట్టినందువల్లనే చాలా పేర్లు మిగిలాయి. 1848లో లోకానికి తెలిసిన కలివికోడికి ఇంగ్లీషులో ఆయన పేరే ఉంది. 1900 తర్వాత కనిపించక పూర్తిగా పోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది, అదీ అక్కడి పిట్టలు పట్టేవారి సాయంతో. ఇక్కడ వల వేసేవారిని అడగమని, గుంటల వాళ్లను అడగమని చెబుతుంటే నాకు అదే గుర్తుకు వచ్చింది.

మైపాడు_అల
కావలి_సైకిల్ గారూ, పిల్లలతో వెళ్లినప్పుడు ఒక చిన్న నోటు పుస్తకం పెట్టండి. ఒకేచోట పావుగంట కూర్చొని, చూసిన పక్షి పేరూ సంఖ్యా రాయించండి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కిస్తే ఏ పక్షి ఏ వారంలో వెళ్లిపోయిందో పై ఏడాదికి మనకే తెలుస్తుంది. పేరు తెలియకపోతే కాలు రంగు, ముక్కు వంపు రాసినా చాలు.

కావలి_సైకిల్
ఇన్ని రోజులు జవాబు రాయలేదు, ఎందుకంటే వెళ్లివచ్చాకే రాయాలనుకున్నాను. నిన్న మూడు గంటలకు లేచి బయలుదేరి, తెల్లవారేసరికి సరస్సు రోడ్డు మీద ఉన్నాము. ముందు రోజే ఒడ్డు పల్లెలో ఒకాయనతో ఫోనులో మాట్లాడాను. ఉత్తరం వైపు నీళ్లు రోడ్డుకు దాదాపు రెండు వందల గజాల దాకా ఉన్నాయని, అడుగు లోతు కూడా లేదని చెప్పాడు. ఆయన చెప్పిన తూము దగ్గరే ఆగాము. కారు దిగలేదు, అద్దాలు దించి చూశాము.

రాజహంసలు నూట నలభై దాకా ఉన్నాయి. మా పెద్దవాడు పదేసి చొప్పున లెక్కపెట్టాడు. కాళ్లు కనిపించాయి, మెడలు కనిపించాయి, తల తిప్పి నీళ్లలో పెట్టడం కనిపించింది. బాతుల కూతలాంటి గరగర శబ్దం ఆగకుండా వచ్చింది, అది మేము ఊహించలేదు. మా అమ్మకు బైనాక్యులర్ సరిచేసి ఇస్తే చాలాసేపు తిరిగి ఇవ్వలేదు. బూడిద రంగు పిల్లలు పన్నెండు. ఒడ్డున తడి బురదలో గుండ్రటి గుంతలను చిన్నదే ముందుగా చూసింది, “ఇక్కడ తొక్కింది” అని అరవబోయి తానే నోరు మూసుకుంది.

పది గంటలకు నేలపట్టులో ఉన్నాము. టీచరు గారు చెప్పిన మారాం చూశాము, గూడబాతులు గుండ్రంగా పైకి లేవడం కూడా చూశాము. చిన్నది పుస్తకంలో “సంచి పక్షి, చాలా” అని రాసింది. సంఖ్య వేయమంటే వాటిని లెక్కపెట్టడం కుదరదని చెప్పింది.

ఇక మిగిలింది ఇసకపల్లి. అల్లూరు గారూ, ఈ వారం ఏ గుంటైనా నీళ్లు వదులుతున్నారా?

అల్లూరు_గుంటలు
మా పక్క గుంట నిన్న సాయంత్రం తూము తీశారు. ఈ రోజు కొంగలు వచ్చాయి. మీకు కావాల్సిన ప్లోవర్లు ఎల్లుండి దిగాలి. నల్ల మచ్చలు పడినవి మా గట్టు మీద ఇంకా ఆరేడు ఉన్నాయి, ఎన్ని రోజులు ఉంటాయో చెప్పలేను. ఎల్లుండి తెల్లవారి ఆరుకల్లా అల్లూరు సెంటర్‌కు రండి, అక్కడి నుంచి నేను తీసుకువెళ్తాను. పిల్లలకు తెల్లచొక్కాలు మాత్రం వేయవద్దు.